ముత్తక్క ఇప్పచెట్టు, మా అమ్మీ డిష్

మా ఇంటి మీద కొత్త డిష్ చూసిన్రు గదా? ఇంత పెద్దది, మోటార్‌ది, రిమోట్ నొక్కితే తనంతల తానే తిరిగేది? పనిచేస్తుంది భాయ్. సిగ్నల్ ఫుల్. డిష్ కాడ నిలబడి పడమర దిక్కు చూస్తే ముత్తక్క ఇప్పచెట్టు కనబడతది. దానికి ఒక పెద్ద కొమ్మ లేదు. అది నేనే కొట్టించిన. ఎందుకు కొట్టించిన అంటరా? చెప్త, నవ్వుకోండి. కానీ చాయ్ నోట్లె ఉన్నప్పుడు నవ్వకండి, పొరబోతది.

ఈ పూట మన బెంచీ మీద కొత్త సార్ ఉన్నడు, ఆయన కోసం మొదటి సంది చెప్తున్న. సార్, నా పేరు యాకూబ్. పాల్వంచ దాటినంక భద్రాచలం రోడ్డు మీద మా ఊరు, ఊరు దాటితే అడవే. సెంటర్‌ల నాది రిపేరు షాపు. టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు, స్టెబిలైజర్లు, ఏది తెచ్చినా చూస్త. ఇరవై ఏండ్ల సంది ఈ చుట్టుపక్కల గూడేలన్నింటికి డిష్‌లు పెట్టింది నేనే. "యాకూబ్ చెయ్యి పడితే బొమ్మ రావాల్సిందే" అని పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

మా అమ్మీ, మా చిన్నమ్మ జైబున్ ఖాలా, ఇద్దరు అక్కచెల్లెళ్లు కలిసి హజ్‌కు పోవాలని పేర్లు రాయించుకున్నరు. ఖాలా కొడుకు తోడు. అంతా కుదిరింది. బయల్దేరే ముందు కొత్తగూడెంల డాక్టర్‌కు చూపిస్తే ఆయన ఎక్స్‌రే పైకి లేపి చూసి, "అమ్మా, అక్కడ మస్తు నడవాలె, ఎండ ఉంటది. ఈ మోకాళ్లకు తోడు మీ గుండె కూడా వీక్ ఉంది. నేను పొమ్మని చెప్పలేను" అన్నడు. అమ్మీ ఎక్స్‌రే కవర్ల పెట్టుకొని లేచింది. ఇంటికొచ్చి, కుట్టించుకున్న తెల్లబట్టలు మడత పెట్టి ట్రంకుపెట్టెల పెట్టి తాళం ఏసింది. చెల్లెను బస్సు ఎక్కించేటందుకు పోయింది, నవ్వుకుంట చెయ్యి ఊపింది, ఇంటికొచ్చి పండుకుంది. మూడు రోజులు సరిగ్గ తినలే.

నాలుగో రోజు నన్ను పిలిచింది. "బేటా, ఊరందరికి బొమ్మలు చూపిస్తవు గదా. హజ్ రోజు అక్కడ మైదానంల అందరు నిలబడతరు. అది నాకు టీవీల చూపిస్తవా? నా చెల్లె ఎక్కడ నిలబడ్డదో చూసుకుంట."

నలభై రెండేండ్లల్ల మా అమ్మీ నన్ను ఏదన్న అడుగుడు అదే మొదలు. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఇంతేనా అమ్మీ? నీకు మంచం మీదికి తెచ్చి చూపిస్త" అన్న. హజ్ రోజుకు ఇంకా తొమ్మిది రోజులుంది.

ఫోన్‌ల చూపియ్యొచ్చు గదా అంటరు. మా ఊర్ల సిగ్నల్ రావాల్నంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలె. ఎక్కినా వీడియో గుండ్రంగ తిరుగుడే. దానికి తోడు అమ్మీకి చిన్న బొమ్మ కనబడదు, ఫోన్ ఇస్తే అద్దం అనుకొని కొంగు సర్దుకుంటది. కాబట్టి డిష్ పెట్టుడు ఒక్కటే దారి.

అరబ్బు దేశాల చానళ్లు వచ్చే సాటిలైట్ మనకు పడమర దిక్కున, ఆకాశంల బాగ కిందికి ఉంటది. మన తెలుగు చానళ్లయితే దగ్గెర దగ్గెర నెత్తి మీద సంది వస్తయి. ఇప్పుడు తెలివి ఉన్నోడు ఏం చేస్తడు? ఒక డిష్ తెచ్చి, పడమరకు తిప్పి, సిగ్నల్ దొరికేదాక అటిటు జరిపి, దొరకంగనే నట్లు బిగిస్తడు. ఒక పూట పని. అయిపాయె.

కానీ మా షాపు అటక మీద ఒక మోటార్ ఉంది. ఎప్పుడో ఒక గెస్టుహౌసు కూలగొడితే తుక్కుల కొన్న. డిష్‌కు అది మెడ అసోంటిది. రిమోట్ నొక్కితే డిష్ తూర్పు సంది పడమర దాకా తిరుగుతది, ఒక్కో కాడ ఆగి ఒక్కో సాటిలైట్‌ను పట్టుకుంటది. మన దగ్గెర ఎవ్వనింటి మీద లేదు అది! ఇన్నేండ్ల సంది ఏదన్న ఇంటి మీద పెట్టాలని నాకు ఆశ. అమ్మీ పేరు చెప్పి నా ఆశ తీర్చుకున్న. ఇగ దాచుడు ఎందుకు, అసలు కథ అదే.

మా ఇంటామె షమీమ్ అప్పుడే అడిగింది. "ఏం జీ, అత్తమ్మ చూసేది ఒక్కటే చానల్ గదా? దానికి మోటార్ ఎందుకు?"

"నీకేం తెలుసు! ఇది పెడితే ప్రపంచంల ఉన్న చానళ్లన్నీ మనింట్లనే."

"ఆమెకు ప్రపంచం ఏం చేసుకోను? ఒక్క మైదానం చూపియ్యిరి చాలు."

వింటినా? వినలే. ఆడోళ్లకు టెక్నికల్ తెల్వదని ఒక నవ్వు కూడా నవ్విన. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తది.

స్లాబు మీద ఇనుప పైపు నిలబెట్టి, చుట్టు కాంక్రీటు పోసి, రెండు రోజులు తడిపిన. లెవెల్ పెట్టి చూసిన, పైపు ఎటు సంది చూసినా నిట్టనిలువు. ఆ పనికి నేను ఇప్పటికీ వంక పెట్టను. మోటార్ ఎక్కించిన, డిష్ ఎక్కించిన. ఇగ మిగిలింది ఒక్కటే. మోటార్ నడిమధ్య సరిగ్గ దక్షిణం చూడాలె. అది తప్పిందంటే డిష్ ఎంత తిరిగినా తప్పు దారిలనే తిరుగుతది.

ఇక్కడ ఒక నిజం చెప్త, బయట చెప్పకండి. ఇరవై ఏండ్లల్ల నేను దిక్కు చూసి ఒక్క డిష్ పెట్టలే. మొదటి డిష్ ఎవరో కంపెనీ టెక్నీషియన్ పెట్టి పోయిండు. అది ఎటు చూస్తుందో చూసి నేను రెండోది పెట్టిన. రెండోదాన్ని చూసి మూడోది. మన చుట్టుపక్కల డిష్‌లన్నీ గట్ల పక్కింటిదాన్ని చూసి పెట్టినయే. దక్షిణం ఎక్కడుందో తెలుసుకునే అవసరం నాకు ఎన్నడు రాలే.

సరే, ఫోన్‌ల దిక్సూచి తెరిచిన. అది ఒకటి చూపిస్తుంది. స్లాబు మీద ఇంకోటి ఉంది, మా అబ్బా, అంటే మా నాయిన, గీసిన గీత. మా అబ్బా పోయి పదేండ్లయితుంది. ఎండకాలం సాయంత్రాలు ఇంట్ల ఉక్క పోస్తదని మేము డాబా మీదనే నమాజ్ చదివేది. జానమాజ్ చాపలు వంకర లేకుండ పరుచుకునేటందుకు కిబ్లా దిక్కు, అదే మేము మొహం తిప్పి నిలబడే మక్కా దిక్కు, చూపించుకుంట ఆకుపచ్చ పెయింట్‌తోని పొడుగ్గ ఒక గీత గీసిండు. ఇప్పటికీ చెక్కు చెదరలే.

కిబ్లా అంటే పడమర. చిన్నప్పటి సంది నాకు తెలిసింది గదే. పడమరకు తొంభై డిగ్రీలు ఎడమకు తిరిగితే దక్షిణం. అబ్బా గీత మీద మూలమట్టం పెట్టి దక్షిణం గీసిన. ఫోన్ చూస్తే దానికీ దీనికీ పొత్తు కుదరలే. ఎవరిని నమ్మాలె? ఫోన్‌ను నమ్మి మా అబ్బాను తప్పు అంటనా? "స్లాబుల చువ్వలుంటయి, పక్కకు ఇనుప పైపు ఉంది, ఫోన్ పిచ్చి లేస్తుంది" అని తీర్మానం చేసి ఫోన్ జేబుల పెట్టి, అబ్బా పేరు తలుచుకొని నట్లు బిగించిన. బిస్మిల్లా కూడా అన్న.

మొదటి టెస్టు నాడే ఒక గోల. డిష్ తిరుగుతదంటే కేబుల్ ఎంత వదులు ఉంచాలె? ఆ లెక్క నాకు తట్టలే. కిటికీల సంది కేబుల్ లోపటికి తీసి టీవీ కాడ రిసీవర్‌కు పెట్టిన. రిసీవర్ అంటే గా నల్ల డబ్బ. అమ్మీ మంచం మీద కూసోని చూస్తుంది. రిమోట్ నొక్కిన. పైన మోటార్ కుయ్‌య్‌య్ అని మొదలైంది. కోళ్లన్నీ దొడ్ల సంది ఉరికినయి. డిష్ పడమరకు తిరుగుతుంటే కేబుల్ బిగుసుకుంది, బిగుసుకొని రిసీవర్‌ను టేబుల్ మీది సంది గుంజింది. డబ్బ నేల మీద జారుకుంట, గోడెక్కి, కిటికీ చువ్వల కాడ తట్టుకొని ఏలాడుతుంది!

అమ్మీ దాని దిక్కు చూసి అన్నది, "నన్ను తోలుకపోలేదు గానీ, నీ డబ్బ ఒక్కతే పోతున్నట్టుంది మక్కాకు."

షమీమ్ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని వంటింట్లకు ఉరికింది. హజ్ ఆగిపోయినంక మా అమ్మీ అన్న మొదటి నవ్వులాట మాట అది. నా డబ్బ పాడైనా పర్వాలేదనుకున్న. పాడు కాలే, మూల కొంచెం సొట్ట పడ్డది.

కేబుల్ పొడుగు చేసి మళ్లీ మొదలు పెట్టిన. నెత్తి మీదుండే సాటిలైట్‌లు రెండు దొరికినయి. కానీ రిసీవర్ చెప్పిన కాడ కాదు, కొంచెం పక్కకు జరిపితే దొరికినయి. "పాత మోటార్ గదా, గేరు పండ్లు అరిగినయి" అనుకున్న. ఇగ పడమరకు తిప్పుకుంట పోయిన. పోతుంటే సిగ్నల్ పలుచబడుతుంది, ఆఖరికి సున్న. అరబ్బు చానళ్లు ఒక్కటి లేదు. రెండు రోజులు డాబా మీద మాడిపోయిన. షాపు బందు. తిండి లేదు. రోహిణి ఎండలు, స్లాబు మీద చెప్పులు అంటుకుంటున్నయి. ఇంక నాలుగు రోజులే ఉంది.

మూడోనాడు డిష్ ఎనకాల నిలబడి, అది చూసే దిక్కు ఒక కన్ను మూసి చూసిన. ఎదురుంగ ఏముంది? ముత్తక్క ఇప్పచెట్టు! సరిగ్గ ఒక పెద్ద కొమ్మ, ఆకులతోని గుబురుగ, డిష్ మొహానికి అడ్డం. అదిగో దొంగ దొరికిండు అనుకున్న. ఎంత సంబురపడ్డనో ఏం చెప్పాలె!

ముత్తక్క ఎవరో ఈ సార్‌కు చెప్పాలె. మా ఎనకింటామె, కోయోళ్లు. ఊర్ల చిన్నోళ్లు పెద్దోళ్లు అందరికీ ముత్తక్కనే. మా అమ్మీని "బీబమ్మా" అంటది. ముప్పై ఏండ్ల సంది ఇద్దరు రోజూ పొద్దుగూకేటప్పుడు మా అరుగు మీద కూసోని ముచ్చట పెట్టుకుంటరు. ఇప్పచెట్లకు వాళ్లల్ల లెక్క ఉంటది సార్. అడవిల చెట్టయినా సరే, ఏ చెట్టు ఏ ఇంటోళ్లదో అందరికీ తెలుసు, ఒకరి చెట్టు కింద పువ్వు ఇంకొకరు ఏరరు. ఈ చెట్టు ముత్తక్కకు వాళ్లమ్మ ఇచ్చింది. ఎండకాలం మొదట్ల పువ్వు రాల్తది. ఇప్పుడేమో కాయలు. ఆ గింజల నూనెతోనే ఏడాదంత వాళ్లింట్ల దీపం, వంట, వాళ్ల ముసలోళ్ల కాళ్లకు మాలీసు. మా అమ్మీ మోకాళ్లకు కూడా ఆ నూనెనే తెచ్చిచ్చేది. ఇప్పచెట్టుకు గొడ్డలి పెట్టుడు వాళ్లల్ల లేదు.

ఇదంత నాకు తెల్వదా? తెలుసు. తెలిసే అడిగిన.

అమ్మీ ముందుగాలనే వద్దన్నది. "వద్దు బేటా. నేను చూడకపోతే చచ్చిపోను. ముత్తూను ఆ మాట అడగకు." నేను వినలే. సాయంత్రం ముత్తక్క అరుగు మీదికి రాకముందే వాళ్లింటికి పోయిన.

"అక్కా, ఒక్క కొమ్మ. అమ్మీ కోసం. అదొక్కటే అడ్డం, అది పోతే బొమ్మ వస్తది."

ముత్తక్క చాటల బియ్యం చెరుగుతుంది. చెరుగుడు ఆపింది. "అదొక్కటేనా తమ్మీ? నీకు కరెక్టుగ తెలుసా?"

"కరెక్టుగ తెలుసక్కా. ఇరవై ఏండ్ల సర్వీసు నాది!"

"బీబమ్మ ఏమన్నది?"

ఇగో, ఇక్కడ అబద్ధం ఆడిన. "అమ్మీ నోరు తెరిచి అడగదు గదక్కా, లోపల్లోపల కుములుతుంది" అన్న. అది మొత్తానికి అబద్ధం కూడా కాదు, అందుకే అంత సులువుగ నోట్లె సంది వచ్చింది.

తెల్లారి ముత్తక్క తానం చేసి, పసుపు, బియ్యం పట్టుకొని చెట్టు కాడికి వచ్చింది. మొదలుకు పసుపు రాసి, దాని మీద చెయ్యి పెట్టి వాళ్ల భాషల ఏందో మాట్లాడింది. నాకు వాళ్ల భాష అంత రాదు గానీ, తప్పయిందని చెప్పుకుంటుందని సమజైంది. మా అమ్మీ పేరు కూడా తీసింది. వాళ్ల మరిది లచ్చన్న చెట్టెక్కి గొడ్డలి ఎత్తిండు. పది దెబ్బలకు కొమ్మ విరిగి పడ్డది. దాన్నిండ పచ్చికాయలు. ఇంకో పదిహేను ఇరవై రోజులైతే పండేటియి. ముత్తక్క కింద కూసోని ఆ పచ్చికాయలే ఒక్కొక్కటి ఏరి ఒళ్లె ఏసుకుంది. పచ్చిటియి దేనికీ పనికి రావు, ఆమెకు తెల్వదా. నేను సాయం చేద్దామని వంగితే, "నువ్వు పోయి బొమ్మ చూడు తమ్మీ" అన్నది. కోపంగ అనలే. కోపంగ అన్నా బాగుండేది.

డాబా మీదికి ఉరికిన. రిమోట్ నొక్కిన. మోటార్ కుయ్యిమంది. డిష్ తిరిగింది. ఎదురుంగ ఖాళీ ఆకాశం! సిగ్నల్ ఎంత? సున్న.

మీటర్ మార్చిన, కేబుల్ మార్చిన, ఎల్‌ఎన్‌బీ మార్చిన, అదే డిష్ ముందట కొమ్ము మీద ఉండే గుండు. సున్న. సాయంత్రం దాకా సున్న. కింద అరుగు మీద ముత్తక్క, అమ్మీ కూసున్నరు. ముచ్చట లేదు, ఇద్దరు చెరో దిక్కు చూసుకుంట కూసున్నరు. నేను మెట్లు దిగి వస్తుంటే ముత్తక్క, "వచ్చిందా?" అని అడిగింది. నేను చెప్పిన మాట ఇప్పటికీ నాకు నిద్రల గుర్తొస్తది.

"ఇంకో కొమ్మ కూడా అడ్డం ఉన్నట్టుందక్కా."

ముత్తక్క లేచి నిలబడ్డది. మా అమ్మీ కూడా లేచింది, ఆ మోకాళ్లతోని, గోడ పట్టుకోకుండ. "ఒక్క ఆకు ముట్టినవంటే ఆ డిష్‌ను నేనే కిందికి తోస్త" అన్నది. అని, నా మొహం చూసి, కొంచెం నిమ్మళపడి అడిగింది, "అసలు నువ్వు దిక్కు ఎట్ల పట్టినవ్ రా?"

"అబ్బా గీత మీద మూలమట్టం పెట్టి పట్టిన అమ్మీ. కిబ్లా పడమర గదా, దానికి తొంభై డిగ్రీలు తిప్పితే దక్షిణం."

అమ్మీ మెల్లగ మళ్ల కూసున్నది. చేతుల మొహం పెట్టుకుంది. ఏడుస్తుందా నవ్వుతుందా తెల్వలే.

"కిబ్లా పడమర అని నీకు ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పుడేంది అమ్మీ, అందరికీ..."

"మన దగ్గెర సంది కిబ్లా సరిగ్గ పడమర కాదురా. పడమర సంది కుడికి, ఉత్తరం దిక్కు జరుగుతది. గీత గీసిన నాడు మసీదు హాఫిజ్ సాబ్ దిక్సూచి తెచ్చి చూపించిండు. మీ అబ్బా పడమర కాడ ఒక మేకు కొట్టి, ఆడి సంది ఇంత జరిపి గీసిండు. పెయింట్ డబ్బ పట్టుకున్నది నేనే." రెండు చేతులు ఎడంగ పెట్టి చూపించింది. "యాభై ఏండ్ల సంది నమాజ్ చదువుతున్న. నా ఇంట్ల పొద్దు ఎక్కడ మునుగుతదో, నేను ఎటు నిలబడతనో నాకు తెల్వదా? నువ్వు కూడా ఐదు పూటలు చదివినోనివైతే ఎన్నడో ఒకనాడు అనుమానం వచ్చేది."

సార్, ఇరవై ఏండ్ల సర్వీసు. దవడ మీద కొట్టినట్టయింది. ఫోన్ చెప్పింది కరెక్టు. అబ్బా గీసింది కరెక్టు. ఇద్దరి నడుమ తప్పు నేనొక్కన్నే. అమ్మీ మోకాళ్లు బాగుండి ఒక్కసారి డాబా ఎక్కితే, చూడంగనే చెప్పేది. మేము ఆమె కోసం అంత చేస్తున్నమని ఆమెను ఒక్క మాట అడగలే.

చీకటి పడకముందే పైకి పోయిన. నట్లు వదులు చేసి, డిష్‌ను మోటార్‌తోని సహా ఎడమకు తిప్పిన. ఎంత తిప్పిన్నో తెలుసా? గిన్ని డిగ్రీలు, పైపు మీద నాలుగు వేళ్లంత కూడా లేదు. రిమోట్ నొక్కంగనే సిగ్నల్ జర్రున లేచింది. అరబ్బు చానళ్లు ఒకదాని ఎనక ఒకటి. ఒక కన్ను మూసి డిష్ ఎటు చూస్తుందో చూసిన. చెట్టుకు ఎడమ పక్క, తాటిచెట్టంత ఎడంగ, ఖాళీ. మొదటి సంది ఖాళీ. ఆ కొమ్మ ఎన్నడు ఎవ్వనికి అడ్డం లేదు.

నేను డాబా మీదనే కూసోని ఏడ్చిన. సిగ్గు లేకుండ చెప్తున్న, ఏడ్చిన. కిందికి దిగి ముత్తక్క కాళ్లు పట్టుకోబోతే వెనకకు జరిగింది. "నేను అడిగిన గదా తమ్మీ, కరెక్టుగ తెలుసా అని" అన్నది. ఇంతే. ఇంటికి పోయింది. ఆ రోజు సంది అరుగు మీదికి రాలే.

హజ్ రోజు వచ్చింది. మధ్యాన్నం మూడు గంటలకు టీవీ పెట్టిన. అద్దంల చూసినట్టు ఉంది బొమ్మ. మైదానం నిండ తెల్లబట్టల మనుషులు, ఎంత దూరం చూపించినా మనుషులే. "అమ్మీ, రా అమ్మీ" అని పిలిచిన. అమ్మీ మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకుంది.

"చూడవా అమ్మీ?"

"బంద్ చెయ్యి. ముత్తూ చెట్టు నరికిచ్చి చూసే బొమ్మ నాకొద్దు. ఏ మొహం పెట్టుకొని దువా చేస్త నేను?"

షమీమ్ బతిమిలాడింది. నేను బతిమిలాడిన. కదల్లే. ఆమె అడిగింది ఒక్కటి. అది తెచ్చి ముందట పెట్టిన. ఆమె చూడకుండ చేసింది కూడా నేనే. టీవీ నడుస్తుంది, మేము ముగ్గురం దాని దిక్కు చూస్తలేము. బయట పొద్దు వాలుతుంది.

అప్పుడు తలుపు కాడ నీడ పడ్డది. ముత్తక్క. ఆమెకు ఎవరు చెప్పిన్రో తెల్వదు, షమీమే దొడ్డిదారిన పోయి చెప్పినట్టుంది. సీదా లోపటికొచ్చి మంచం కాడ నిలబడ్డది.

"లే బీబమ్మా."

అమ్మీ తిరగలే.

"లేస్తవా లేవవా? నా కొమ్మ పోయింది. కాయలు పోయినయి. నా చెట్టుకు మొక్కి తప్పు చెప్పుకున్న. ఇప్పుడు నువ్వు చూడకపోతే అదంత ఉత్త పుణ్యానికి పోయినట్టేనా? లే, కూసో. నేను గూడ చూస్త. నా కొమ్మ దేనికి పోయిందో నాకు తెల్వాల్నా వద్దా?"

అమ్మీ లేచింది. ముత్తక్క ఆమె ఈపు ఎనక దిండు పెట్టి, పక్కన మంచం మీదనే కూసున్నది. ఇగ చూడాలె వాళ్లిద్దరిని. అమ్మీ ప్రతి ముసలామెను చూపించి "అగో జైబున్! అదే నడక!" అంటది. పదిమంది జైబున్‌లు అయిన్రు. ముత్తక్క బుగ్గన చెయ్యి పెట్టుకొని, "మా జాతర లెక్కనే ఉన్నది బీబమ్మా. ఇంతమందికి నీళ్లెట్ల సరిపెడుతున్నరో" అని వాళ్ల కష్టం చూస్తుంది. నేను గడప కాడ నిలబడ్డ. లోపటికి పోయే ధైర్యం లేదు.

ఆఖరికి అమ్మీ కొంగు కప్పుకొని రెండు చేతులు ఎత్తి దువా మొదలు పెట్టింది, ఉర్దూల. చెల్లె పేరు తీసుకొని క్షేమంగ తిరిగి రావాలన్నది. మా అబ్బా పేరు తీసింది. ముత్తక్క పేరు, లచ్చన్న పేరు, వాళ్ల పిల్లల పేర్లు ఒక్కటి మర్చిపోకుండ తీసింది. చెట్టుకు మళ్లీ చిగురు రావాలని అడుగుతుంటే ఏడ్చింది. అందరికంటే ఎనక నా పేరు వచ్చింది. చెవులు రిక్కించి విన్న.

అయినంక ముత్తక్క నన్ను పిలిచింది. "ఏమన్నది తమ్మీ? మీ భాష నాకు తెల్వదాయె."

"నీ పేరు తీసిందక్కా. మీ ఇంటోళ్ల పేర్లన్నీ. నీ చెట్టు మళ్ల చిగురు పెట్టాలన్నది."

ముత్తక్క కండ్లు తుడుచుకుంది. "నీ పేరు కూడా వినబడ్డది గదా? నీ గురించి ఏమన్నది?"

నేను తల వంచుకున్న. చెప్పక తప్పుతదా? "నా కొడుకు చేతికి ఇగ ఏ మిషిన్ దొరకకుండ చూడు యా అల్లా, అన్నది."

ముత్తక్క నా దిక్కు చూసింది. కొమ్మ పడ్డ నాటి సంది నా మొహం చూసుడు అదే మొదలు. నిమ్మళంగ అన్నది, "నేను గూడ ఆ రోజు చెట్టు కాడ గదే మొక్కుకున్న తమ్మీ."

అటు సంది ఒక అర్జీ పోయింది, ఇటు సంది ఒక అర్జీ పోయింది, ఇద్దరూ మనసు పెట్టి అడిగిన్రాయె. ఆ మరునాటి సంది నా షాపుకు ఒక్క గిరాకి రాలే భాయ్, ఒక్క మిక్సీ కూడా!